మా అక్క ‘గి’ మానిన ఎండకాలం

మా యారాలు సీతాబాయి మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాదు. యారాలంటె మా ఆయన అన్న పెండ్లాం. తోటికోడలంటరు కద, అదే. నేను అక్క అని పిలుస్త. చందానగర్ మార్కెట్ ఎనక గల్లీల మాది ఒక్కటే ఇల్లు. కింద మేము రెండు సంసారాలు, పైన రెండంతస్తులు కిరాయిలకు. నేను కాపురానికొచ్చిన కాన్నుంచి మా ఇద్దరి పొయ్యి వేరు కాలేదు. అయినా కోపమొస్తది. ఏ పని చేసినా ఆమె ముందుగాల చెప్పది, చేసినంక చెప్తది.

చదువు సంగతి గూడ గట్లనే చేసింది. మా సాయిచంద్, అంటె అక్క కొడుకు, ఇంటర్ పాసైనంక వాన్ని డిగ్రీల చేర్పిద్దామని కొండాపూర్ దిక్కు ఒక కాలేజీకి తోలుకపోయింది. పొద్దున పోయిన మనిషి పొద్దుగూకంగ వచ్చింది. చేతిల మిఠాయి డబ్బా.

“పోరనికి సీటు దొరికిందా అక్కా?” అని అడిగిన.

“వానికి ఆ కాలేజీ నచ్చలే. నేను చేరిన” అన్నది.

నలబై నాలుగేండ్ల మనిషి. ఇంటర్ అయిందే తడువు పెండ్లి చేస్తె మా ఇంటికి వచ్చింది. ఇన్నొద్దులు పుస్తకం పట్టలే. గోడ మీద బోర్డు చూసిందంట. ఒక్క డిగ్రీలనే మూడు విదేశీ భాషలు, జర్మన్, జపనీస్, స్పానిష్, అని రాసి ఉన్నదంట. ఆ బోర్డు ముందట నిలబడితె కాళ్లు కదలలేదంట. మా బావ లింగమూర్తికి బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉన్నది. ఆయన చేతికున్న గ్రీజు తుడుసుకుంట, “మూడు భాషలు నేర్సుకోని మూడు దేశాలకు పోతవా?” అని అడిగిండు.

“నేనెందుకు పోత? వాళ్లే వస్తున్నరు కద. తెల్లాపూర్ల మన చేను ఉన్న జాగల లేసిన బిల్డింగుల సగం మంది వాళ్లే” అన్నది అక్క, మిఠాయి ఆయన నోట్ల పెట్టుకుంట. నోట్ల లడ్డు ఉన్న మనిషి ఏం మాట్లాడుతడు? గట్ల అయింది అడ్మిషన్.

నిజం చెప్పాలంటె, అక్కకు భాషల పిచ్చి కొత్తగ పుట్టింది కాదు. మా ఇంట్ల ఎవరు కిరాయికి దిగితె వాళ్ల భాష నెల తిరిగేసరికి ఆమె నోట్ల ఉంటది. ముందుగాల లాతూర్ దిక్కు మేస్త్రీ కుటుంబం దిగింది, మరాఠీ వచ్చింది. వాళ్లు పోయి బెంగాలీ కంసాలాయన వచ్చిండు. ఆయన భార్య తోని మిద్దె మీద చేపలు కడుగుకుంట బెంగాలీ నేర్చింది. బీదర్ నర్సమ్మ తోని కన్నడం. ఒడియా ప్లంబర్ల తోని ఒడియా. పుస్తకం లేదు, బడి లేదు. బట్టలారేసే తీగ కింద నిలబడి నేర్చుడే.

ఆమె నేర్చుకునే తీరు గూడ జర విచిత్రం. ఎవరైనా “నీ పేరేంది, నీ ఊరేంది” తోని షురూ చేస్తరు. మా అక్క ‘గి’ తోని షురూ చేస్తది. మనం చాయ్ గీయ్, పని గిని, అన్నం గిన్నం అంటం కద. ఆ ‘గి’ అన్నట్టు. హిందీవాళ్లు చాయ్ వాయ్ అంటరు. మరాఠీవాళ్లు చహా బిహా. బెంగాలీవాళ్లు చా టా. కన్నడంవాళ్లు మన చుట్టాలే, కాఫీ గీఫీ. కొత్తగ ఎవరు దిగినా అక్క అడిగే మొదటి మాట ఇదే. “మీ భాషల గి ఏంది?” అది దొరికిందంటె మిగతాదంత దాని ఎనకనే నడిసొస్తది అంటది.

కాలేజీల గూడ గట్లనే అడిగిందంట. జర్మన్ చెప్పే కిరణ్మయి మేడం రాజమండ్రి పిల్ల, అక్క కంటె పదేండ్లు చిన్నది. మొదటి దినమే అక్క లేసి నిలబడి, “మేడం, జర్మన్ల గి ఏంది?” అన్నదంట. క్లాసు పిల్లలంత నవ్విండ్రంట. మేడం మాత్రం నవ్వకుండ ఆలోచన చేసి, “అలాంటిది లేదనుకుంటానండీ సీతాబాయి గారూ. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనపళ్లేదు” అన్నదంట.

ఆ దినం అక్క ఇంటికొచ్చి ఒక్కటే పరేషాన్. “గి లేకుంటె ఇంటికొచ్చినోళ్లను ఏమని పిలుస్తరు రోహిణీ? పాపం, ఎట్ల బతుకుతున్నరో” అన్నది. జర్మనీవాళ్ల మీద అంత జాలి పడ్డ మనిషిని నేనింకెక్కడా చూడలె.

మూడేండ్లు మా ఇల్లు ఇల్లుగ లేదు, సంతలెక్క ఉన్నది. పొద్దున పప్పు గుత్తి తిప్పుకుంట జర్మన్, మధ్యాహ్నం బియ్యం ఏరుకుంట జపనీస్, బట్టలు మడత పెట్టుకుంట స్పానిష్. ఆమె నేర్చింది ఊకోక నాకూ చెప్తది. జర్మన్ల ప్రతి వస్తువుకు ఆడా మగా ఉంటదంట. బల్ల మగోడంట. దీపం ఆడదంట. పిల్ల మాత్రం ఆడదీ కాదు మగదీ కాదంట. నాకు మండింది. “పిల్ల ఆడది కాకుంటె ఇంకెవరు ఆడది అక్కా? ఎవడు రాసిండు ఈ పుస్తకం?” అన్న. ఆమె మీద కాదు, ఆ రాసినోని మీద కోపం. స్పానిషోళ్లు మాత్రం నాకు నచ్చిండ్రు. ఏదన్న అడిగేది ఉంటె మాటకు ముందుగాలనే తలకిందుల ప్రశ్న గుర్తు పెడ్తరంట. అడగబోతున్నమని చెప్పి అడుగుతరు. మర్యాదస్తులు. జపనీస్ అయితె అక్కకు పుట్టిల్లే. మనం ఎట్ల “నేను నీళ్లు తాగుత” అంటమో, అదే వరుసల వాళ్లూ అంటరంట. “అక్షరాలు ఒక్కటే కష్టం, మాట మనదే” అంటది.

ఇట్ల సంబురంగ మూడో ఏడు దాంక వచ్చినం. ఇగ అసలు ముచ్చట ఇప్పుడు.

ఆ మూడు భాషల చదువుకు ఆఖర్న ఒక నోటి పరీక్ష ఉంటది. బయటి నుంచి ముగ్గురొస్తరు, భాషకు ఒకరు. ముగ్గురినీ ఒక్క బల్ల దగ్గరనే కూసోబెడ్తరు. మేడం చేతిల గంట ఉంటది. గంట కొట్టంగనే భాష మారాలె. జర్మన్ల సగం మాట ఉంటె సగంల ఇడిసిపెట్టి జపనీస్ల అందుకోవాలె. ఒక్క భాషల తప్పినా మూడూ తప్పినట్టే. అప్పుడు ఉత్త బి.ఏ. చేతిల పెడ్తరు, భాషల పేర్లు దాని మీద ఉండయి. మామూలుగనైతె మల్ల రాసుకోవచ్చు. కని ఈ కోర్సుల చేరేటోళ్లు తక్కువై కాలేజీ దాన్ని ఎత్తేస్తున్నది. అక్కదే ఆఖరి బ్యాచు. మల్ల పరీక్ష లేదు.

శివరాత్రి దాటినంక కాలేజీల ఉత్తుత్తి పరీక్ష ఒకటి పెట్టిండ్రు. మీ ఇంటికి చుట్టమొచ్చిండు, పలకరించు, అని ప్రశ్న. కిరణ్మయి మేడమే చుట్టమైంది. అక్క ఊపు మీద ఉండి, “రాండ్రి, కూసోండ్రి, కఫే గిఫే తాగుతరా?” అని జర్మన్ల అడిగిందంట. కఫే అంటె వాళ్ల కాఫీ. గిఫే మాత్రం మా అక్కది. గంట కొట్టి జపనీస్ అంటె, వాళ్ల చాయ్‌ను ఒచా అంటరంట, ఈమె ఒచా గిచా అన్నది. స్పానిష్ల నీళ్లు అగ్వా. అగ్వా గిగ్వా అన్నది. మూడిట్లనూ మార్కులు పోయినయి.

మేడం పక్కకు పిలిచి నెమ్మదిగ చెప్పిందంట. “మీరు తప్పుల్లేకుండా మాట్లాడగలరండీ. ఆ ఒక్కటే. వచ్చేవాళ్లకి మీరు తెలీదు. లేని మాట వినపడితే అర్థం కాలేదని రాసేసి వెళ్లిపోతారు. ఇంకో అవకాశం కూడా లేదు మనకి.”

ఆ పొద్దు అక్క అన్నం తినలేదు. నేను కంచం తీసుకపోయి పక్కన కూసున్న. “ఫెయిలైతె ఏమైతది? నీకు రాని భాష ఏమున్నది?” అన్న.

“వచ్చుడు వేరు రోహిణీ. చిన్నప్పటి సంది ఎన్ని మాట్లాడినా, సీతాబాయికి నోరెక్కువ అన్నోళ్లే గని, సీతాబాయి చదువుకున్నది అన్నోళ్లు లేరు. ఇది నా చదువు అని చూపెట్ట ఒక్క కాయితం కావాలె నాకు. మూడు పేర్లూ ఉండాలె దాని మీద” అన్నది.

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కోపం గూడ వచ్చింది, నాకు ఏడుపొస్తె ఎనకనే కోపమొస్తది. లేసి నిలబడి అన్న, “అయితె సరే. ఇయ్యాల్టి సంది ఈ ఇంట్ల గి బంద్. ఎవరి నోట్ల నుంచి గి వచ్చినా ఆ పూట అంట్లు వాళ్లే తోమాలె.”

మా బావ తలుపు దగ్గర నిలబడి ఉన్నడు. “గిన్నెలు అంటె గూడ గి వచ్చినట్టేనా?” అని అడిగిండు.

ఆలోచన చేస్తె నిజమే. మా నోట్ల ఊకెనే గిట్ల, గింత, గిది, గీడ. గి లేకుంటె మాకు మాటనే లేదు. అందుకే జంట మాటల గి ఒక్కటే బంద్ అని తీర్పు చెప్పిన. ఆ తీర్పు చెప్పిన గంటకే మా బావ, “దుకాణంల పని గిని ఉన్నది, పోయొస్త” అన్నడు. చొక్కా గుండీలు పెట్టుకుంటనే నాలిక కరుసుకున్నడు. పెండ్లయిన కాన్నుంచి చెంచా గూడ కడగని మనిషి, కూసోని కుక్కర్ తోమిండు. అక్క ఆయన పక్కన నిలబడి అడుగు మాడింది సూడు, మూల సూడు, అని చెప్పుకుంట ఇన్నేండ్ల బాకీ ఒక్క పూటల తీర్సుకున్నది. మా ఆయన మహేశ్ అయితె ఇంట్ల మాట్లాడుడే మానేసిండు. సైగలే. నేనూ తక్కువ తోమలే. చట్టం చేసిందాన్ని గద, నాకే ఎక్కువ అంట్లు పడ్డయి.

అక్క మాత్రం గట్టిగ పట్టింది. వారం తిరిగేసరికి ఒక్క గి లేదు. చాయ్ అంటె చాయే. అన్నం అంటె అన్నమే. కని ఆమె మాట్లాడుతుంటె నాకు ఆకాశవాణి వార్తలు ఇన్నట్టు ఉండేది. ప్రతి మాట కడిగి, తుడిసి, బల్ల మీద పెట్టినట్టు. నవ్వు తగ్గింది. జర్మన్ చదివినా గట్లనే, తెలుగు మాట్లాడినా గట్లనే.

మా పైన రెండో అంతస్తుల పద్మావతి గారు ఉంటరు. తణుకు దిక్కు వాళ్లు, ఆమె భర్త సీతారామయ్య గారు బ్యాంకుల చేసి రిటైరైండ్రు. ఏండ్ల సంది ఉంటున్నరు. ఆమె ఏది చేసినా ఒక గిన్నె మాకు తెస్తది. ఆ దినం పులిహోర తెచ్చింది. అక్క గిన్నె అందుకోని, నవ్వు మొకం పెట్టి, “కాఫీ తాగుతారా?” అన్నది. ఆమె ఒక్క నిమిషం నిలబడి, “వద్దులెండి” అని మెట్లెక్కి పోయింది.

తెల్లారి కూరగాయల బండి దగ్గర నన్ను పట్టుకున్నది. “ఏమ్మా రోహిణీ, మీ అక్కగారికి మా మీద ఏమైనా కోపమా?”

“ఎందుకండీ?”

“ఎప్పుడొచ్చినా ‘కాఫీ గీఫీ తాగుతారా, రండి’ అనేవారు. నిన్నేమో ‘కాఫీ తాగుతారా’ అన్నారు, హోటల్లో అడిగినట్టు. రాత్రంతా మా ఆయనతో అదే చెప్పుకున్నానమ్మా. ఇల్లేమైనా ఖాళీ చెయ్యమంటారేమోనని ఆయన భయపడుతున్నారు.”

నేను బెండకాయలు అక్కడనే పెట్టి నవ్వుడు షురూ చేసిన. సంగతి చెప్పినంక ఆమె గూడ నవ్వింది, కని కండ్లు తుడుసుకున్నది. ఇంటికొచ్చి అక్కకు చెప్తె అక్క నవ్వలేదు. “సూసినవా” అన్నది. “రెండక్షరాలు తీసేస్తె మనిషి గుమ్మం దాటి పోయింది.” అని మల్ల పుస్తకం తెరిసింది. పరీక్ష ఇంక నాలుగు దినాలు ఉన్నది.

పరీక్ష దినం నేనూ పోయిన. ఎండ మండుతున్నది. ఫ్లాస్కుల చాయ్, స్టీలు గ్లాసులు, డబ్బాల సకినాలు పట్టుకోని వరండాల ప్లాస్టిక్ కుర్చీ మీద కూసున్న. లోపల ఏసీ పనిచేస్తలేదని కిటికీ తెరిసి పెట్టిండ్రు, అది నా నెత్తి మీదనే. పిల్లలందరివీ అయిపోయినయి. ఆఖరుకు అక్క. లోపలికి పోయేటప్పుడు నా దిక్కు చూసి, పెదవుల మీద వేలు పెట్టి, గి లేదు అన్నట్టు తల ఊపింది. నేనూ ఊపిన.

కిటికీల నుంచి జర చూసిన. జర్మన్ పరీక్ష చేసే ఆయన తెల్లాపూర్ల ఉంటడంట, తెల్ల గడ్డం, మనిషి ఎండకు టమాటలెక్క ఎర్రగైండు. జపనీస్ ఆమె సన్నగ, చేతులు ఒడిల పెట్టుకోని కూసున్నది. స్పానిష్ ఆయన మన విశాఖపట్నం పిల్లగాడే, స్పెయిన్ల కొన్నేండ్లు ఉండొచ్చిండంట. కిరణ్మయి మేడం గంట పట్టుకోని పక్కన నిలబడ్డది.

షురూ అయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కని అక్క గొంతు నాకు తెలుసు. అది మా అక్క గొంతు కాదు. వార్తలు. అడిగినదానికి జవాబు, మల్ల మౌనం. అడిగినదానికి జవాబు, మల్ల మౌనం. గంట మోగింది, జపనీస్. మల్ల గట్లనే. గంట మోగింది, స్పానిష్. నడుమల ఒక్క దగ్గర ఆగిపోయింది. మాట దొరకక వెతుక్కుంటున్నది. దండం పెట్టుకుందమంటె ఫ్లాస్కు చేతిల ఉన్నది.

గంట మోగి మల్ల జర్మన్ల పడ్డది. అప్పుడు ఆ గడ్డమాయనకు దగ్గొచ్చింది. ఊరికె దగ్గు కాదు, దుమ్ము పోయినట్టుంది గొంతుల, దగ్గుడు ఆగుతలేదు. కండ్ల ముందట మనిషి దగ్గుతుంటె మా అక్క చూసుకుంట ఎట్ల కూసుంటది? లేసింది. కుర్చీ సప్పుడైంది. ఆగమాగంగ అన్నది, “వస్సర్ గిస్సర్? కఫే గిఫే?”

వాళ్ల భాషల నీళ్లను వస్సర్ అంటరని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు ఇనొచ్చింది గిస్సర్, గిఫే. ఆ మూడేండ్ల చదువుల నాకు అర్థమైన మాటలు అవి రెండే. అయిపోయింది అనుకున్న.

అక్క గ్లాసు అందిచ్చింది. గడ్డమాయన నీళ్లు తాగిండు. గ్లాసు కింద పెట్టి అడిగిండు, “గిఫే?”

అప్పుడు అక్క మాట్లాడింది. మొదలు నెమ్మదిగ, తర్వాత జోరుగ. వార్తలు పోయినయి. మిద్దె మీద తీగ కింద నిలబడి బెంగాలీ ఆమె తోని ముచ్చట పెట్టినట్టు, చేతులు తిప్పుకుంట, నడుమల నవ్వుకుంట, ఆపకుండ. గడ్డమాయన ఏదో అన్నడు. జపనీస్ ఆమె గొంతు వచ్చింది, అక్క ఆమె దిక్కు తిరిగి ఆమె భాషల అందుకున్నది. “గిచా” అని ఇనబడ్డది. స్పానిష్ పిల్లగాడు నవ్విండు. “గిగ్వా.” ఒక్కటి కాదు, మూడు భాషలల్ల మూడు గిలూ పెట్టేసింది మా తల్లి. ఒక్కటి తప్పితెనే మూడూ పోతయంటె, మూడిట్ల తప్పితె ఏం మిగులుతది?

నాకు లోపటి నుంచి మంట లేసింది. నవ్వుతున్నరు లోపల. మా అక్కను చూసి నవ్వుతున్నరు అనుకున్న. ప్రిన్సిపల్ దగ్గరికి పోయి ఏం అడగాల్నో మనసుల వరుస పెట్టుకున్న. దగ్గే మనిషికి నీళ్లిచ్చుడు తప్పా అని మొదలు పెడ్త. ఆడపిల్లను ఆడది కాదన్నోళ్లు మాకు చెప్తరా అని ముగిస్త. కొంగు నడుముల దోపుకోని లేసి నిలబడ్డ.

తలుపు తెరుసుకోని ముందుగాల గడ్డమాయననే వచ్చిండు. మెడ తుడుసుకుంటున్నడు. నన్ను చూసిండు. నా చేతిల ఫ్లాస్కును చూసిండు. వేలు పెట్టి చూపించి, జర భయం భయంగ, ఒక్కొక్క అక్షరం పట్టుకోని అడిగిండు.

“చాయ్ గీయ్?”

నేను వరుస పెట్టుకున్న మాటలన్ని ఎటు పోయినయో పోయినయి. మూత తిప్పి గ్లాసుల పోసి ఇచ్చిన. అప్పటికి కిరణ్మయి మేడం ఉరికొచ్చింది, గంట ఇంకా చేతిలనే ఉన్నది. “ముగ్గురూ సంతకం పెట్టేశారండీ” అని నన్ను పట్టుకోని ఏడ్చింది. ఆమె ఎనక మా అక్క. మొకం చూస్తె మా పాత అక్కనే.

ఏమైందో అక్క అక్కడనే చెప్పింది. గిఫే అంటె ఏం తాగేది అని ఆయన అడిగిండంట. అక్క జర్మన్లనే చెప్పిందంట, “ఇంటికొచ్చినోళ్లను కాఫీ తాగుతరా అంటె, వద్దన్నరనుకో, ముచ్చట ఖతం. మేము చాయ్ గీయ్ అంటం, గిఫే గట్లనే. కాఫీ కాకుంటె చాయ్, చాయ్ కాకుంటె నీళ్లు, ఏదీ వద్దంటె ఉత్తగనే కూసో, అప్పుడే పోకు, అన్నట్టు. మీ భాషల ఇది లేదంట కద, మరి మీరెట్ల అడుగుతరు?”

ఆయన గడ్డం గోక్కోని, “ఉన్నది” అన్నడంట. “కఫే ఓడర్ జో అంటం. పుస్తకంల రాయం, ఇంట్ల అంటం.” ఓడర్ జో అంటె, కాఫీయో మరింకేదో, అన్నట్టంట. ఆ మాట ఇని జపనీస్ ఆమె గంట కొట్టేదాంక ఆగలేకపోయిందంట. మాకూ ఉన్నది, ఒచా దెమో, చాయ్ లాంటిదేమన్న, అని. స్పానిష్ పిల్లగాడు, కఫే ఓ ఆల్గో, అన్నడంట. అక్క ఒకరి తర్వాత ఒకరిని వాళ్ల వాళ్ల భాషలనే అడుగుకుంట పోయింది. ఎవరి ఇంట్ల ఎట్ల అంటరు, ఎవరు అంటరు, అమ్మ అంటదా నాయిన అంటడా. మేడం గంట కొట్టుడే మర్సిపోయింది. భాషలు వాటంతటవే మారుతుంటె గంట ఎందుకు?

“మూడేళ్ల కిందట అడిగారండీ నన్ను. నాకే తెలీలేదు” అని మేడం అక్క చెయ్యి ఇడవలేదు.

“మార్కు మాత్రం ఒకటి కోసిండు” అన్నది అక్క. “గిఫే అన్నది తప్పు తప్పే అంట. నిఖార్సైన మనిషి.”

కాయితం తర్వాత వచ్చింది. మూడు పేర్లు ఉన్నయి దాని మీద. మా బావ దాన్ని ఫ్రేము కట్టించి దుకాణంల మోటార్ల నడుమ పెట్టిండు, ఇంట్ల పెట్టమంటె ఇనడు. అక్క ఇప్పుడు కొండాపూర్ల ఒక ఆఫీసుల చేస్తున్నది. బయటి దేశాల నుంచి వచ్చే కుటుంబాలకు కిరాయి ఇండ్లు చూపెట్టుడు, పాలవాన్ని, పనిమనిషిని మాట్లాడిచ్చుడు. ఇన్నేండ్లు ఓనరమ్మగ ఉన్నది, కిరాయికొచ్చినోళ్ల కష్టం ఆమెకు ఒకరు చెప్పాల్నా? పరీక్ష నాటి సాయంత్రమే పద్మావతి గారిని మెట్ల మీదికెళ్లి కేకేసింది, “కాఫీ గీఫీ తాగుదురు, రాండ్రి” అని. ఆమె చెప్పులు గూడ వేసుకోకుండ దిగొచ్చింది. మా ఇంట్ల గి మీద చట్టం ఎత్తేసినం. అంట్లు మల్ల మా ఇద్దరికే వచ్చినయి, అదొక్కటే నష్టం.

కని అన్నిటి కంటె నాకు ఆ వరండానే యాదికొస్తది. ముగ్గురూ బయటికొచ్చి నిలబడి చాయ్ తాగుతున్నరు. సకినాలు కరకర నముల్తున్నరు. జపనీస్ ఆమె ఒక్కొక్క సకినం కింద చెయ్యి పట్టుకోని తింటున్నది, ముక్క కింద పడకుండ. గడ్డమాయన గ్లాసు ఖాళీ చేసి, మొహమాటానికి అడగలేక ఫ్లాస్కు దిక్కు చూస్తున్నడు. అక్క అప్పుడే చెప్పిన మాట నా నోట్ల తిరుగుతున్నది. మూడేండ్లు చెవుల్ల పోస్తె నేను ఒక్క మాట నేర్వలేదు, నేర్వను అని పంతం పట్టిన. ఇగ ఆగలేకపోయిన. ఫ్లాస్కు మూత తీసి, ఆయన ముందట నిలబడి అడిగిన.

“చాయ్ ఓడర్ జో?”

మా అక్క ఎనక నుంచి నా భుజం పట్టుకున్నది. ఆయన గ్లాసు ముందుకు పెట్టిండు. పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకోని కూసున్నడు.